కుక్కతో ఇద్దరే వెళ్లాలంటే ఏ కాటేజీ: వికారాబాదా, అరకా, కొడగా?

ఇంట్లో ఉండేది ఇద్దరు, మూడో ప్రాణి కుక్క. మూడు రోజులు సెలవు దొరికితే ఊరికి దూరంగా, చెట్ల మధ్య ఉండి రావాలనిపిస్తుంది. కుక్కను బోర్డింగ్‌లో వదిలితే తింటుందో లేదో అన్న టెన్షన్. వెంట తీసుకెళ్తే రానిస్తారో లేదో అన్న అనుమానం. హైదరాబాద్‌, విశాఖ, బెంగళూరుల్లో ఉంటున్న జంటలకు సాధారణంగా కనిపించే దారులు మూడు: వికారాబాద్ వైపు తోటల్లోని ఫామ్ కాటేజీ, అరకులో కొండ కాటేజీ, కర్ణాటకలోని కొడగు (కూర్గ్) కాఫీ ఎస్టేట్‌లో హోమ్‌స్టే. మూడూ బాగుంటాయి, కానీ మూడూ అన్ని కుక్కలకూ పనికిరావు.

నా మాట ముందే చెప్పేస్తాను. కిటికీలోంచి ఏం కనిపిస్తుందన్నది చివర చూసుకోవాల్సిన విషయం. ముందు చూడాల్సినవి కంచె, నేల, నీడ, పశువుల డాక్టర్ ఎంత దూరంలో ఉన్నాడన్నది. ఇవి సరిగ్గా ఉంటే మామూలు కాటేజీలో కూడా ఇద్దరూ హాయిగా కూర్చుని కాఫీ తాగగలరు. లేకపోతే ఎంత అందమైన చోటైనా ఒకరు ఎప్పుడూ కుక్క వెనకాల పరుగెడుతూనే ఉంటారు.

ఇంకో సంగతి. యాప్‌లో "పెట్ ఫ్రెండ్లీ" అని రాసి ఉన్నంత మాత్రాన అర్థం ఒకటే కాదు. కొన్నిచోట్ల కుక్క ఆవరణలోకి రావచ్చు కానీ రాత్రి బయటి షెడ్డులో కట్టేయాలి. కొన్నిచోట్ల వరండా వరకే. కొన్నిచోట్ల గదిలోకి రావచ్చు, మంచం ఎక్కకూడదు. ఇంట్లో మీ పక్కనే పడుకునే కుక్కను కొత్త చోట, చీకట్లో, బయట కట్టేస్తే తెల్లార్లూ మొరుగుతుంది. మీకూ నిద్ర ఉండదు, పక్క కాటేజీ వాళ్లకూ ఉండదు. కాబట్టి బుక్ చేసే ముందు ఫోన్ చేసి మాట్లాడాల్సిందే.

వికారాబాద్ వైపు

హైదరాబాద్ వాళ్లు మొదటిసారి కుక్కతో వెళ్తుంటే నేను ఇదే చెబుతాను. నగరం నుంచి దాదాపు 80 కిలోమీటర్లు, ట్రాఫిక్ దాటితే రెండు గంటల ప్రయాణం. కారు ఎక్కితే వాంతి చేసుకునే కుక్క కూడా ఈ దూరం తట్టుకుంటుంది. అక్కడికెళ్లాక దానికి ఏమాత్రం నచ్చకపోయినా, ఒంట్లో బాగోకపోయినా, అదే రోజు తిరిగి వచ్చేయవచ్చు. ఈ వెసులుబాటు మిగతా రెండు చోట్లా లేదు. అనంతగిరి కొండల అడవి, మూసీ పుట్టిన చోటు, కోటపల్లి చెరువు అన్నీ దగ్గర్లోనే. పొద్దున్నే ఎర్రమట్టి దారిలో నడుస్తుంటే కుక్క ముక్కుకు దొరికే వాసనలకు అంతుండదు.

అయితే ఇక్కడి కాటేజీల్లో చాలావరకు పొలాల మధ్య కట్టినవి. అందుకే కంచె గురించి గుచ్చి గుచ్చి అడగాలి. "ఫెన్సింగ్ ఉంది సార్" అంటే ముళ్లతీగ కావచ్చు. అందులోంచి కుక్క సునాయాసంగా దూరిపోతుంది, దూరేటప్పుడు వీపు చీరుకుంటుంది. జాలీ కంచె అయితే మంచిదే, కానీ గేటు కింద సందు చూడాలి. ప్రహరీ గోడ ఉంటే అన్నిటికన్నా మేలు. ముట్టుకుంటే షాక్ కొట్టే సోలార్ ఫెన్సింగ్ ఉంటే, మీరు ఉన్నన్ని రోజులూ ఆపుతారా అని అడగండి.

కంచె దాటితే ఏమవుతుందని తేలిగ్గా తీసుకోవద్దు. అడవి పందులు పంట పాడుచేయకుండా రాత్రిళ్లు పొలం గట్ల మీద కరెంటు తీగలు లాగే వాళ్లు ఉన్నారు. చట్టం ఒప్పుకోదు, అయినా జరుగుతోంది, మనుషులు కూడా చనిపోతున్నారు. ఇక వ్యవసాయ బావులు. చాలా పాత బావులకు చుట్టూ గోడే ఉండదు, గడ్డి పెరిగి అంచు కనిపించదు. పత్తి చేలల్లో కొట్టిన మందు ఆకుల మీదా కాలువ నీటిలోనూ ఉంటుంది. చీకటి పడ్డాక కుక్క మెడలో తాడు లేకుండా బయటకు వదలొద్దని నేను ఇంత గట్టిగా చెప్పేది ఇందుకే. రక్తపింజర, కట్లపాము తిరిగేదీ ఆ వేళలోనే.

నేల విషయంలో మాత్రం ఈ ప్రాంతానికి ఒక మంచి గుణం ఉంది. తాండూరు ఇదే జిల్లాలోది, అందుకే ఇక్కడి పాత తరహా ఇళ్లలో తాండూరు బండలు పరిచి ఉంటాయి. ఎండాకాలంలో చల్లగా ఉంటాయి, కుక్క బోర్లా పడుకుని పొట్ట చల్లబరచుకుంటుంది. పైగా పాలిష్ ఎక్కువ పట్టని బండ మీద కాళ్లు జారవు. కొత్తగా కట్టిన విల్లాల్లో మెరిసిపోయే టైల్స్ వేస్తున్నారు. వయసు మళ్లిన లాబ్రడార్‌కు, తుంటి నొప్పి ఉన్న జర్మన్ షెపర్డ్‌కు ఆ టైల్స్ మీద నాలుగడుగులు వేయడమే కష్టం. ఫొటోల్లో స్విమ్మింగ్ పూల్ కన్నా ముందు నేల చూడండి.

శబ్దం కూడా అడగాలి. శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ దారుల్లోనూ, వికారాబాద్ దగ్గరా ఫామ్‌హౌస్‌లను పార్టీలకు, పెళ్లిళ్లకు ఇస్తుంటారు. పక్క తోటలో శనివారం రాత్రి డీజే పెడితే కుక్క మంచం కిందే గడుపుతుంది. వీలైతే ఆదివారం మధ్యాహ్నం వెళ్లి మంగళవారం వచ్చేలా చూసుకోండి. రద్దీ ఉండదు, అద్దె కూడా తగ్గుతుంది. దీపావళికి టపాసుల చప్పుడు తప్పించుకోవడానికి కుక్కతో ఊరి బయటకు వెళ్లే వాళ్లకు కూడా ఈ వైపు అనుకూలమే. కానీ అది ఏ ఊరికీ ఆనుకుని లేని ఒంటరి కాటేజీ అయి ఉండాలి.

మార్చి నెలాఖరు నుంచి వానలు పడేదాకా మాత్రం ఈ వైపు వద్దు. ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, కొండ రాళ్లు కాలిపోతుంటాయి. కుక్క మామూలు ఒంటి వేడే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. దానికి చెమట పట్టేది దాదాపు పాదాల దగ్గరే, మిగతా వేడంతా రొప్పి దించుకోవాలి. పగ్, షిట్జు, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఆ రొప్పడం కూడా సరిగ్గా సాధ్యం కాదు. రూమ్‌లో ఏసీ ఉందిగా అనుకోవద్దు. ఊళ్లో కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడిచేది ఫ్యాను మాత్రమే.

అరకు

విశాఖలో ఉండే వాళ్లకు అరకు మూడు నాలుగు గంటల దారి, 115 కిలోమీటర్ల వరకు ఉంటుంది. హైదరాబాద్ నుంచి అయితే ముందు విశాఖకే ఆరు వందల కిలోమీటర్ల పైన. అంత దూరం కుక్కతో వెళ్తే కనీసం నాలుగు రాత్రులైనా ఉండాలి, లేకపోతే దానికి ప్రయాణ బడలికే మిగులుతుంది.

రైల్లో తీసుకెళ్లే దారి ఒకటుంది, అది జంటలకు బాగా కుదురుతుంది. కుక్కను మనతోనే ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మన పేరున ఉండాలి. కూపేలో బెర్తులు రెండే. టూ టైర్, త్రీ టైర్, స్లీపర్ బోగీల్లోకి కుక్కను రానివ్వరు. వాటిలో వెళ్తే కుక్కను గార్డు ఉండే బోగీలోని పెట్టెలో పెట్టాలి, అది మాత్రం వద్దు. ఆ పెట్టెలో చీకటి, వేడి, చప్పుడు తప్ప ఇంకేమీ ఉండవు. కూపే దొరికిందో నాలుగు బెర్తుల క్యాబిన్‌లో వేశారో చార్టు తయారయ్యేదాకా తెలియదు కాబట్టి, ముందుగానే రైల్వే వాళ్లకు దరఖాస్తు ఇచ్చి ఉంచాలి. వ్యాక్సిన్ కాగితాలు, డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని పార్సిల్ ఆఫీసులో కుక్కకు విడిగా బుకింగ్ చేయించాలి. రైలు బయల్దేరే టైముకి చాలా ముందే స్టేషన్‌లో ఉండండి.

అరకు వాతావరణం బొచ్చు దట్టంగా ఉన్న కుక్కలకు వరం. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు చలి బాగా ఉంటుంది, తెల్లవారుజామున మంచు కమ్ముకుంటుంది. హైదరాబాద్ ఎండలో ఏడాదంతా ఏసీ గదిలోనే గడిపే హస్కీ, గోల్డెన్ రిట్రీవర్ లాంటివి అక్కడ పరుగులు పెడుతుంటే చూడాలి. అదే పొట్టి బొచ్చు దేశీ కుక్కకు, ముసలి పగ్‌కు రాత్రిళ్లు దుప్పటి కావాలి.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. ఘాట్ రోడ్డు మలుపులకు చాలా కుక్కలకు కడుపులో తిప్పుతుంది. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టకుండా, డాక్టర్‌ను అడిగి వాంతుల మాత్ర తీసుకెళ్లడం మంచిది. అరకులో ఇద్దరూ చూడాలనుకునే చోట్లు చాలావరకు కుక్కను లోపలికి రానిచ్చేవి కావు. బొర్రా గుహల్లోకి ఒకరు వెళ్తే ఇంకొకరు బయట కుక్కతో ఉండాలి. డిసెంబర్ శని, ఆదివారాల్లోనూ, సంక్రాంతి సెలవుల్లోనూ జనం విపరీతంగా ఉంటారు. ఆ రోజుల్లో రోడ్డు పక్క రిసార్టులు, టెంట్ల క్యాంపులు కుక్కకు ఏమాత్రం నప్పవు. ఊరికి కాస్త లోపలగా, కాఫీ తోటల వైపు ఉన్న చిన్న హోమ్‌స్టే వెతకండి.

అక్కడి గూడేల్లో కోళ్లు, మేకలు ఆరుబయటే తిరుగుతాయి. సిటీలో పెరిగిన కుక్కకు కోడి కనిపిస్తే ఆగదు. ఒక కోడి చచ్చిపోతే మనకు డబ్బు లెక్క, ఆ ఇంటివాళ్లకు అది పెంచుకున్న ప్రాణం. కుక్క తాడు మీ చేతిలోనే ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు. ఇంకోటి, రాత్రివేళ కుక్క ప్రాణం మీదికి వస్తే పెద్ద ఆసుపత్రి కోసం ఘాట్ దిగి విశాఖకు రావాల్సిందే. గుండె జబ్బో, మూర్ఛో, మరేదైనా పాత జబ్బో ఉన్న కుక్కను అరకు తీసుకెళ్లమని నేను చెప్పను.

కొడగు

బెంగళూరులో ఉండే తెలుగు జంటలకు ఇది సహజమైన ఎంపిక. మడికేరి దాదాపు 260 కిలోమీటర్లు, ఆరు గంటలు. హైదరాబాద్ నుంచి మాత్రం కుక్కతో ఒక్క పరుగున వెళ్లే దూరం కాదు. కొడగు హోమ్‌స్టేలకు మనుషుల్ని, కుక్కల్ని ఆదరించడం పాత అలవాటు. ఎస్టేట్ ఇళ్లలో కుక్క లేని ఇల్లు అరుదు. ఇంటివాళ్లే వండి పెడతారు, మీ కుక్కకు అన్నంలో ఉప్పూ మసాలా లేకుండా మాంసం ఉడికించి పెట్టమన్నా వింతగా చూడరు. మార్చి, ఏప్రిల్‌లో వాన చినుకు పడ్డాక కాఫీ పూలు విచ్చుకుంటాయి. తోటంతా తెల్లగా, మల్లెల వాసనతో ఉన్నప్పుడు ఇద్దరూ నడవడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

కానీ ఆ ఇంటి కుక్కలే మీకు మొదటి సమస్య కావచ్చు. అది వాటి రాజ్యం. మీది మగకుక్క, వాళ్లదీ మగకుక్క అయితే ముందే అడగండి: ఎన్ని ఉన్నాయి, కట్టేస్తారా, వాటికి రేబిస్ టీకా వేయించారా? ఇంటి ఆవరణలో కాకుండా ఇంటి బయట దారి మీద వాటిని కలిపి నడిపించి, ఆ తర్వాత లోపలికి తీసుకొస్తే గొడవలు తగ్గుతాయి.

రెండోది అడవి. కాఫీ తోటల్లోకి ఏనుగులు వస్తాయి, చిరుతపులి కుక్కల్ని ఎత్తుకుపోవడం ఆ ప్రాంతానికి కొత్త కాదు. సాయంత్రం ఆరు దాటాక కుక్క గదిలోనే ఉండాలి. మూత్రానికి తీసుకెళ్లినా లైటు వెలుతురులో, తాడుతో, ఇద్దరూ కలిసి వెళ్లండి. నాగరహొళె లాంటి పులుల అడవికి సఫారీ అనుకుంటే కుక్కను రానివ్వరు, దాన్ని ఎక్కడుంచాలో ముందే తేల్చుకోవాలి.

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు వానలు జోరుగా ఉంటాయి, జలగలు పాదాల వేళ్ల మధ్య, కొన్నిసార్లు ముక్కులోనూ పడతాయి. మనుషులకు ఆ వానలో కొడగు ఎంతో అందంగా ఉంటుంది, కుక్కకు మాత్రం కాదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి కోతల కాలం. కాఫీ పండ్లు కళ్లాల్లో ఆరబోసి ఉంటాయి, తియ్యగా ఉంటాయి కాబట్టి కుక్క మూతి పెడుతుంది. కెఫీన్ కుక్కలకు విషం. నేల మీద కనిపించిందల్లా మింగే బీగిల్, లాబ్రడార్ ఉన్నవాళ్లు ఆ కళ్లం దరిదాపులకు పోవద్దు.

రాయలసీమ వాళ్లకు, బెంగళూరులో ఉండి ఆరు గంటలు డ్రైవ్ చేయలేని వాళ్లకు మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ ఉంది. నాలుగు వేల అడుగుల పైన ఎత్తు, బెంగళూరు నుంచి 150 కిలోమీటర్ల లోపే. ఎండాకాలంలో కూడా సాయంత్రాలు చల్లగానే ఉంటాయి. కొండ మీద వసతి తక్కువ, కుక్కను ఒప్పుకునేది మరీ తక్కువ. దొరికితే మాత్రం రెండు రాత్రులకు చక్కగా సరిపోతుంది.

ఫోన్‌లో ఎలా అడగాలి

చాట్‌లో అడిగితే అన్నిటికీ "ఎస్" అనే జవాబే వస్తుంది. ఓనర్‌తో ఒకసారి, అక్కడ ఉండే వాచ్‌మన్‌తో ఇంకోసారి మాట్లాడండి. ఓనర్‌కు నియమాలు తెలుస్తాయి, నేల మీద ఏముందో వాచ్‌మన్‌కే తెలుస్తుంది.

ఓనర్‌తో: "అండీ, మాతో ముప్పై కిలోల లాబ్రడార్ వస్తుంది. రాత్రి మా గదిలోనే పడుకుంటుంది. మంచం మీదికి రాకుండా మేం చూసుకుంటాం, దాని పరుపు మేమే తెచ్చుకుంటాం. మీకు ఫర్వాలేదా?" కుక్క జాతి, బరువు దాచొద్దు. చిన్న కుక్కలనే ఒప్పుకునే వాళ్లు ఉంటారు, గేటు దగ్గర ఆ సంగతి తెలిస్తే ఇద్దరి సెలవూ పాడైపోతుంది. కుక్కకు తీసుకునే డబ్బు రాత్రికా, మొత్తానికా, అడ్వాన్స్ తిరిగిస్తారా అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. పెళ్లి కాని జంట అయితే గుర్తింపు కార్డుల దగ్గర ఏమైనా అభ్యంతరం ఉందేమో కూడా అప్పుడే అడిగేయండి. కలిసి ఉండటం చట్టం ప్రకారం తప్పు కాదు, కానీ గది ఇవ్వాలా వద్దా అని కొందరు ఓనర్లు సొంతంగా నియమాలు పెట్టుకుంటారు.

వాచ్‌మన్‌తో: "అన్నా, గేటు కింద ఎంత సందుంది? చుట్టూ వీధి కుక్కలు వస్తాయా? కోళ్లున్నాయా? ఎలుకల మందు ఎక్కడైనా పెట్టారా? కంచె ఒక చుట్టు తిరిగి చిన్న వీడియో పంపుతావా?" ఆ ఒక్క వీడియోలో పది ఫొటోల్లో కనిపించని సంగతులు కనిపిస్తాయి. కంచె పొడవునా గన్నేరు మొక్కలు ఉంటే జాగ్రత్త. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, ఆ కొమ్మ కర్రతో కుక్కకు ఆట పెట్టకండి.

జంటలకు ఇంకొక మాట. భోజనం గదికే తెచ్చిస్తారా, లేక చిన్న వంటగది ఉందా అన్నది చాలా ముఖ్యం. కొత్త గదిలో కుక్కను ఒంటరిగా పెట్టి తాళం వేసి వెళ్తే తలుపు గీకేస్తుంది, భయపడుతుంది. డైనింగ్ హాల్‌లోకి కుక్కను రానివ్వని చోట మీరిద్దరూ వంతులవారీగా తినాల్సి వస్తుంది. అలా తినడానికైతే అంత దూరం వెళ్లడం ఎందుకు? వరండాలో ఇద్దరికి బల్ల వేసి, కాళ్ల దగ్గర కుక్క పడుకోగలిగే విడి కాటేజీకి కాస్త ఎక్కువ ఇచ్చినా దండగ కాదు. పొద్దున ఆరింటికి కుక్కను ఎవరు బయటకు తీసుకెళ్లాలన్నది కూడా ఇంటి దగ్గరే మాట్లాడుకోండి.

ఏ కుక్కకు ఏది

టీకాలన్నీ పూర్తికాని కూనను ఎక్కడికీ తీసుకెళ్లొద్దు. ఎదకొచ్చిన ఆడకుక్కను పల్లెకు తీసుకెళ్తే ఊళ్లోని మగకుక్కలన్నీ గేటు ముందే ఉంటాయి, ఆ నెల ఆగండి. చప్పిడి ముక్కు జాతులకు చలికాలంలో వికారాబాద్ చాలు. వాటికి దగ్గర్లో డాక్టర్ ఉండటమే పెద్ద భద్రత. మనుషులకు, ప్రయాణానికి అలవాటుపడిన ఆరోగ్యమైన కుక్కయితే విశాఖ వాళ్లు అరకు, బెంగళూరు వాళ్లు కొడగు ధైర్యంగా వెళ్లవచ్చు. కొత్తవాళ్లను చూస్తే బెదిరిపోయే కుక్కకు, వీధి నుంచి తెచ్చి పెంచుకుంటున్న దేశీ కుక్కకు హోమ్‌స్టే కన్నా ప్రహరీ ఉన్న విడి కాటేజీ నయం. భయపడితే ఇలాంటివి ఎంత ఎత్తు గోడైనా ఎక్కేయగలవు, కాబట్టి మెడ పట్టీతో పాటు ఒంటికి తొడిగే హార్నెస్ కూడా వేయండి. పట్టీ మీద ఇద్దరి ఫోన్ నంబర్లూ ఉండాలి.

దారిలో టీ తాగడానికి ఆగినప్పుడు కుక్కను కారులో వదిలి ఇద్దరూ దిగొద్దు. అద్దాలు కాస్త దించినా సరే, ఎండలో నిలబెట్టిన కారు నిమిషాల్లో వేడెక్కుతుంది. ఒకరు తాగి వచ్చాక ఇంకొకరు వెళ్లండి.

పల్లెలో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ప్రమాదం పాము కాదు, పిడుదులు. పిడుదు కుడితే వచ్చే జ్వరం కుక్క రక్తాన్నే దెబ్బతీస్తుంది, చూసీచూడనట్టు వదిలేస్తే ప్రాణం తీస్తుంది. బయల్దేరే ముందే డాక్టర్‌ను అడిగి పిడుదుల మాత్ర వేయించండి. వానాకాలంలో వెళ్తుంటే లెప్టో టీకా గడువు చూసుకోండి, ఎలుకల మూత్రం కలిసిన మడుగుల్లోంచి ఆ జబ్బు వస్తుంది. రోజూ రాత్రి చెవుల లోపల, వేళ్ల మధ్య, తోక కింద వెతికి పిడుదు కనిపిస్తే ట్వీజర్‌తో చర్మానికి ఆనుకుని పట్టి నిదానంగా లాగేయండి, కిరోసిన్ పోయొద్దు, చేత్తో నలపొద్దు. జ్వరం వెంటనే బయటపడదు. ఇంటికొచ్చాక మూడు వారాల పాటు గమనిస్తూ ఉండండి. తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా రేపు చూద్దామనకుండా అదే రోజు రక్త పరీక్ష చేయించండి. పల్లెకు వెళ్లొచ్చిన సంగతి డాక్టర్‌కు ముందుగా చెప్పండి.